హజీరా ఓడను కట్టేసిన రిబ్బను

ముత్యం నోరు తెరిచాడంటే గోడాదరాలో బట్ట నేసే సాంచాలు కూడా చప్పుడు తగ్గించి వింటాయని ఆ గల్లీలో చెప్పుకుంటారు. సాంచాలకు సెలవైన ఆదివారం సాయంత్రం ఇంటి ముందు మెట్ల మీద అతను కూర్చుంటే చాలు, పక్కింటి రఘుపతి చాయ గ్లాసు పట్టుకుని వస్తాడు, ఎదురింటి ఆగయ్య మాస్కును గదుమ కిందికి లాక్కుంటూ వచ్చి గోడకు ఆనుకుంటాడు. ఇక కోతలు మొదలు.

ఆ ఆదివారం గడపలో చిక్కుడుకాయలు గిల్లుతున్న లత మనసు మాత్రం భర్త మాటల మీద లేదు. మూలన పీట మీద పూసలదండ తిప్పుకుంటున్న అత్త కనకవ్వ మీద ఉంది. ఈ పూట అత్త నోట వచ్చే మాటను బట్టే రేపు తను పనికి పోవడమో, మానడమో.

కరోనా మొదలైన నాటి నుంచి నలుగురూ ఒక్క గదిలో మసలుతూ వచ్చారు. దీపావళి వెళ్లాక చిన్న తరగతుల బడులు తెరిచారు. అప్పుడే రింగ్ రోడ్డు మార్కెట్లో చీరలు మడతపెట్టే పని లతకు దొరికింది. ఆమె పొద్దున్నే బయలుదేరాలి, బిడ్డ సంతోషికి బడి మధ్యాహ్నం. సాంచాల మీద రాత్రి పాళీ చేసి పొద్దున ఇల్లు చేరే ముత్యం, పిల్లను తయారుచేసే పూచీ నాదన్నాడు. కనకవ్వ ఒప్పుకోలేదు. ఆడపిల్లకు జడ వేయడం మగవాడి వల్ల అవుతుందా అంది. ఈ ఇంట్లో తను దువ్వెన ముట్టనంది. వారం చూస్తానని, పిల్ల ఒక్కనాడు చెదిరిన తలతో బడికి పోయినా కోడలి పని బంద్ అని తేల్చింది. బడికి తోలుకుపోవడం మాత్రం తన వంతే అంది. దారిలో ఉన్న హనుమాన్ గుడికి ఆమె ఎట్లాగూ రోజూ పోతుంది.

లతకు ఆ పని నచ్చింది. మాస్కుల వెనక నుంచి నలుగురు ఆడవాళ్లతో ముచ్చట్లు పెడుతూ అంచుకు అంచు కలిపి మడత వేస్తుంటే, ఇన్నాళ్లూ ముడుచుకుపోయిన ప్రాణం విచ్చుకున్నట్టుండేది. కానీ ఆ మాట అత్తతో ఎట్లా చెబుతుంది?

"ఏం పెద్ద ముచ్చట గాదు గనీ," అని మొదలుపెట్టాడు ముత్యం, "సోమవారం నాడు పొయ్యి మీద చాయ పొంగేలోపల బిడ్డకు రెండు జడలేసిన."

రఘుపతి తలూపాడు. అంతవరకైతే ఎవరైనా నమ్ముతారు.

"జడ ఎవడైనా ఏస్తడు తమ్మీ, మనిషి తెలిసేది ముడి కాడ. సాంచ మీద పోగు తెగితే అతుకుతం సూడు, గదే ముడి రిబ్బనుకేసి గుంజిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పిల్ల ఉరికింది, దుంకింది, ముడి కదలలే. టీచర్ గుంజింది, రాలే. పెద్ద టీచర్ గూడ వచ్చి ఇద్దరు గల్సి గుంజిన్రు, రిబ్బను రాలేదు గనీ పెద్ద టీచర్ గాజులు పలిగినయి. గీ జడేసిన మహాతల్లి ఎవలే అంటే, మా బాపు అన్నదట నా బిడ్డ."

తండ్రి పక్కన కూర్చున్న సంతోషి తన మోకాళ్ల వైపు చూసుకుంది.

మర్నాటికి ఆ కబురు పాకిపోయిందట. తల్లులంతా ఆడపిల్లలను వెంటబెట్టుకుని వచ్చి వరుస కట్టారట. కరోనా రోజులు కదా, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలి. దాంతో వరుస మొదలు ముత్యం గడపలో ఉంటే కొస రింగ్ రోడ్డులో ఉందట. అక్కడి ట్రాఫిక్ పోలీసు అది టీకాల లైను అనుకుని తనూ నిలబడ్డాడట. అంతసేపు నిలబడ్డ మనిషిని ఉత్తగా పంపలేక అతనికీ జడ వేశాడట ముత్యం.

"పోలీసుకు జుట్టు యాడిదిరా," అన్నాడు ఆగయ్య.

"ఉన్నకాడికి ఏసిన కాకా. టోపీ పట్టలేదని జర బాధపడ్డడు."

గురువారం నాటికి ఆ ముడి బలం మనుషులను దాటింది. చీరల మూటలతో పోతున్న టెంపో ఒకటి మురుగుకాలువలో కూలబడితే, సంతోషి కుడి జడ రిబ్బను టెంపోకు కట్టి, రెండో కొస సైకిలుకు కట్టి, ముత్యం ఒక్కసారి పెడలు తొక్కాడట. టెంపో బయటికి వచ్చింది, దాంతోపాటు కాలువ కూడా కొంత బయటికి వచ్చిందట.

"గది ఏం లెక్క," అంటూ ముత్యం గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించాడంటే పెద్దది వస్తోందని అందరికీ తెలుసు. "శుక్రవారం నేను పండుకొని ఉన్న. ఇంటి ముందట జీపాగింది. ముత్యం సేఠ్ ఉన్నడా అని అడిగిన్రు. ఏందంటే, హజీరా రేవు కాడ గాలికి తాళ్లు తెగి గంత పెద్ద ఓడ సముద్రంలకు పోతున్నదట. నేను లుంగీ మీదనే పోయిన, చేతిల బిడ్డ ఎర్ర రిబ్బను. ఓడకో కొస, గట్టు మీద గుంజకో కొస, నడుమ పోగు ముడి. నిలవడ్డది ఓడ. కాప్తాన్ దిగొచ్చి, భాయ్, మళ్ల విప్పుడెట్ల అన్నడు. విప్పుడు లేదు భాయ్, కత్తెర తెచ్చుకో అన్న."

"ఓడ ఇంక ఆడనే ఉన్నదా అన్నా?" అన్నాడు రఘుపతి. "రేపు పోయి చూసొద్దామా మరి?"

"ఆడనే ఉన్నది. గనీ బయటోళ్లను రానిస్తలేరు. కరోనా."

ఆగయ్యకు నవ్వుతో దగ్గొచ్చింది. దగ్గితే జనం చూస్తారని గబుక్కున మాస్కు పైకి లాక్కున్నాడు. అందరితో పాటు లతా నవ్వింది. ఆ నవ్వులో మాట జారింది.

"కత్తెరెందుకయ్యా? నేను రోజూ పొద్దుగూకి వచ్చినంక ఒక్క గుంజుడుకే విప్పుతున్న గదా."

అనేశాక నాలుక కరుచుకుంది. వారమంతా సాయంత్రాలు బిడ్డ తల విప్పుతూ ఆమె లోలోపల మురిసిపోయింది. పాపిట సూటిగా, పాయలు సమంగా, మాడున నూనె ఇంకి, చివర పువ్వులాంటి ముడి. మోటు చేతుల మనిషి ఎంత బాగా నేర్చుకున్నాడనుకుంది. పోగు ముడి అట్లా విడిపోదని ఇన్నేళ్లు అతనితో కాపురం చేసిన మనిషికి తట్టకపోయింది. మరి ఆ జడలు అతనివి కాకపోతే?

మూలన పూసలు ఆగిపోయాయి.

"మమ్మీ, నువ్వు విప్పేది బాపు ముడి కాదు," అంది సంతోషి. "బాపు ఏసిన జడ గుడి దాకనే ఉంటది."

అని, చేత్తో నోరు మూసుకుని నానమ్మ వైపు చూసింది. అందరూ అటే చూశారు.

కనకవ్వ మొదట మనవరాలిని కోపంగా చూసింది. తర్వాత పూసల సంచిలోంచి చిన్న దువ్వెన తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏం చూస్తున్నరు? దేవుని ముందటికి గట్ల తీస్కపోతరా పిల్లను? ఒక జడ చెవి మీద, ఒక జడ వీపు మీద. మెట్ల మీద కూసోబెట్టి మళ్లేసిన. ఇంట్ల దువ్వెన ముట్టనన్న గనీ గుడికాడ ముట్టనన్ననా?" కొడుకు వైపు తిరిగింది. "వీని ముడి విప్పవట్టి నా రెండు గోళ్లు ఇరిగినయి."

అప్పటిదాకా తలొంచుకున్న ముత్యం తలెత్తాడు. "విన్నరా? నేను జెప్తే నమ్మకపోతిరి. మా అవ్వనే అంటున్నది."

"విన్నమన్నా," అన్నాడు రఘుపతి చాయ గ్లాసు దించుతూ. "అయితే హజీరాకు అవ్వను తోలుకపోదాం పా. పాపం, ఆ ఓడోళ్లు ఇంటికి పోతరు."

ముత్యం కూడా అందరితో కలిసి నవ్వేశాడు.

నవ్వులు సద్దుమణిగాక లత చిక్కుడుకాయల చాట ఒళ్లో సర్దుకుంది. అడగాల్సింది ఒక్కటే ఉంది.

"అత్తమ్మా, రేపు గుడికి పోతరా?"

కనకవ్వ దువ్వెనను మళ్లీ సంచిలో వేసి, పూసలు చేతికి తీసుకుంది.

"పోని దినమున్నదా నాకు," అంది. "జర జల్ది గిల్లు. పొద్దుగాల నీ టిపినుల పెట్టుకపోదువు గానీ."