కొంగు పట్టుకున్న చెయ్యి

"గింత పోరికి అప్పుడే ఫోన్ నంబరెందుకు చిన్నమ్మా? ముద్దకొక అంకె చెప్పిస్తున్నవ్. నా బిడ్డకు నాలుగేండ్లు గూడ నిండలే."

అడిగినవ్ గదా స్వప్నా, కూసో. మీ అమ్మకు సగమే ఎరుక. అక్క ఏడుస్తదని సగమే చెప్పిన.

మా శ్రావ్యకు గూడ గప్పుడు నాలుగే. కాదు, నాలుగు నిండినయ్, బతుకమ్మ పండుగ దాటింది. బజారుకు పోతే నేను చెప్పేది ఒక్కటే మాట. కొంగు పట్టుకో, ఇడవకు. మా అమ్మ మాకు గదే చెప్పింది. అంతకు మించిన జాగ్రత్త లేదనుకున్నం.

ఆ ఏడు పండుగకు సర్కారోళ్లు పంచిన చీర కట్టుకొని కొత్తపేట రైతుబజారుకు పోయిన. ఎర్ర చీర, పచ్చంచు. మా గల్లీల సగం మందికి గదే చీర. సాయంత్రం, నీకెరుకే గదా గాడ జనం ఎట్లుంటరో. టమాటలు కిలో పది. ఇప్పుడు పదికి నాలుగొస్తే గొప్ప. ఏరుదామని వంగితే కొంగు అడ్డమొస్తున్నది. "జర ఇడువు బిడ్డా" అని దాని చేతిల కెళ్లి గుంజుకొని నడుంల చెక్కుకున్న.

నేనే.

తూకమేయించి తిరిగి చూస్తే పిల్ల లేదు.

ఏం చేశిన్నో యాదికి లేదు. టమాటలన్నీ గాడనే పారబోశిన్నట, కూరగాయలామె తర్వాత చెప్పింది. ఎవలో అడిగిన్రు, ఏం బట్టలేసుకుందమ్మా అని. పొద్దుగాల నేనే తొడిగిన గౌను. దాని రంగు నా నోటికి రాలే.

ఎంతసేపటికో గేటు కాడికెళ్లి ఒకామె ఒచ్చింది. నా అసుంటి చీరనే. ఎర్రది, పచ్చంచు. ఆమె కొంగు పట్టుకొని ఎనుక నా బిడ్డ.

"ఎవల పిల్లమ్మా? రోడ్డు దాటి ఎల్బీనగర్ ఆటో ఎక్కుతుంటే కొంగు ఎనుకకు గుంజింది. మా ఆయనేమో అనుకొని తిట్టిన. చూస్తే గీ పిల్ల! మీ అమ్మ పేరేందంటే అమ్మ అంటది, ఇల్లెక్కడంటే మా ఇల్లు అంటది. కొంగు మాత్రం ఇడవది!"

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన్నేమో. గని ఆ రోడ్డు, స్వప్నా... బస్సులు, ఆటోలు. ఎనుక పిల్లున్నదని ఆమెకు తెల్వనే తెల్వది.

దాని పిడికిలి ఒక్కొక్క ఏలు తీశి ఇడిపిచ్చిన. వీపుల ఒక్కటేశిన గూడ. అది ఏడవలే. "నువ్వే జెప్పినవ్ గద, ఇడవద్దని" అన్నది.

తప్పు దానిది గాదు. అది నా మాటనే పట్టుకున్నది. నా మాటనే సాలలే.

తెల్లారి సంది మొదలువెట్టిన. అమ్మ పేరు, నాయిన పేరు, మన్సూరాబాద్ల మా గల్లీ. కొంగు గాదు, ముందుగాల ముఖం చూడాలె. నేను కనవడకపోతే ఉన్నకాడనే నిలవడాలె, అమ్మే ఎతుక్కుంటొస్తది. నంబరేమో అన్నం తినిపిస్తూ. పది ముద్దలు, పది అంకెలు. ఇప్పుడది ఏడో తరగతి, నా అంత ఎత్తయింది. అయినా దిల్‌సుఖ్‌నగర్ల రోడ్డు దాటేముందు ఒక్కసారి నా ముఖం దిక్కు చూస్తది.

నీ బిడ్డ ఇయ్యాల ఏడు ముద్దల దాంక ఒచ్చింది. ఇంకో మూడే. దా తల్లీ, సల్లగ బతుకు, నోరు తెరువు. ఇటు గాదు, మీ అమ్మ ముఖం చూసుకుంట చెప్పు. ఏడో అంకె తర్వాత...