నాన్న వదిలిన సొరచేప

టెక్సస్ తీరంలోని కొత్త కాపురంలో, ఈ వసంతంలో పోయిన నాన్న పేరున సొరచేపల పరిశోధకుల నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఆమె గుమ్మంలోనే విప్పింది.

"బతికే ఉందట! మూడేళ్ల క్రితం నాన్న నంబరు బిళ్ల గుచ్చి వదిలిన సొరచేప! మెక్సికో ఒడ్డున ఎవరి గాలానికో పడిందట. వాళ్లూ వదిలేశారట."

"మరి ఏడుస్తావేంటే, పిచ్చీ?" అన్నాడు భర్త.

"ఆ రోజు దాంతో ఒక్క ఫోటో దిగమన్నాను. పైకి తీస్తే దానికి ఊపిరాడదన్నాడు. ఇంటిదాకా నేను మాట్లాడలేదు."

"మావయ్య నొచ్చుకున్నాడా?"

"నవ్వాడు. 'అది బతికుంటే ఉత్తరం వస్తుందిలే, అప్పుడు మాట్లాడుదువుగాని' అన్నాడు. ఆసుపత్రిలో కూడా అడిగాడు, ఉత్తరం వచ్చిందా అని."

అతను ఆమెను దగ్గరికి తీసుకున్నాడు.

"ఆయన సంచిలో ఒక బిళ్ల మిగిలింది. పరిశోధకుల దగ్గర దాన్ని నా పేరుకు మార్పించుకుని కూడా ముట్టుకోలేకపోయాను. రేపు పొద్దున్నే ఒడ్డుకెళ్దాం. గాలం నువ్వు పట్టుకో, బిళ్ల నేను గుచ్చుతాను."