గడువు లేని దుంప

బొలీవియాలోని కొచబంబా సంతలో బంగాళాదుంపలమ్మే పెద్దావిడ ముందు, మొబైల్ కంపెనీ కౌంటర్లో పనిచేసే అమ్మాయి ఎప్పటిలాగే సంచి చాపింది.

"పోయిన వారం దుంపలు అయిపోయాయా తల్లీ?"

"సగం ఉన్నాయి పెద్దమ్మా. రేపు చుట్టాలొస్తున్నారు, ఇంకాస్త వెయ్యి."

"ముందు ఆ సగం తెచ్చిచ్చెయ్. వాటి గడువు తీరిపోయింది."

"అదేంటి! డబ్బిచ్చి కొనుక్కున్నా కదా?"

"నేను కొనుక్కోలేదా? నెల తిరగ్గానే నా డేటా సగం మాయమైందని నిన్న మీ కౌంటర్ దగ్గర మొత్తుకుంటే ఏమన్నావ్?"

"గడువు తీరితే పోతుందన్నా. అది కంపెనీ రూలు, నాదా?"

"ఇది నా కొట్టు రూలు. ఇవాళే పెట్టా. కొసరు కూడా బంద్."

"కొసరు లేకుండా ఈ సంతలో ఎవరైనా అమ్ముతారా? పక్క కొట్లో కొనుక్కుంటాలే."

"వెళ్ళు. మీ కంపెనీ వాళ్ళకి కొసరెయ్యొద్దని ఈ వరసంతా చెప్పేశా."

"నా మీద పడతావేం పెద్దమ్మా? నా డేటా కూడా అలాగే పోతోంది."

"మరి నోరెత్తవేం?"

"ఎత్తితే ఉద్యోగం ఊడుతుంది."

"అయితే నువ్వేం మాట్లాడకు. ఇదిగో, చూన్యో. కొండ మీద రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండబెట్టిన దుంప. నువ్వు ఉద్యోగంలో చేరకముందుది. ఇప్పటికీ ఉడకేసుకుని తినొచ్చు. దీన్ని మీ మేనేజరు బల్ల మీద పెట్టు."

"పెట్టి?"

"దుంపలామె పంపిందని చెప్పు. నా సరుకు ఏళ్ళు గడిచినా కుళ్ళలేదు, నెలకే కుళ్ళిపోయే సరుకు అమ్మడానికి సిగ్గులేదా అని అడగమందని చెప్పు."

"ఒకటి చాలదు పెద్దమ్మా. కొసరు వెయ్యి, ఆయన పైన ఇంకొకాయన ఉన్నాడు."