చప్పుడు రాని కిటికీ

వరదకు వంతెన కొట్టుకుపోయి, లారీలన్నీ వీధిలోకి మళ్ళిన ఏడు అది. మంచాన పడిన తల్లి గదికి లారీల రొద రాకుండా రెండద్దాల కిటికీ బిగించిన మూడో రోజునే ఇంటాయన అద్దాలమేస్త్రిని మళ్ళీ పిలిపించాడు.

"ఇదేం కిటికీ? తెరుచుకోదేం?"

"చీమ చిటుక్కుమన్నా వినపడకూడదన్నది మీరే."

"లారీల సంగతయ్యా నేనన్నది! ఎదురింటి పిన్ని రోజూ ఈ కిటికీలోంచే అమ్మతో మాట్లాడేది. ఇప్పుడు ఆవిడ పెదాలు కదలడమే నాకు కనిపిస్తోంది, పడుకున్న అమ్మకి అదీ కనపడదు."

"లారీలను ఆపి పిన్నిగారిని రానిచ్చే అద్దం ఇంకా పుట్టలేదు బాబూ. ఆవిణ్ణే ఇక్కడికి రమ్మనండి."

"మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేదు. వెటకారాలాపు! పిన్ని అలిగి మూగనోము పట్టిందనుకుని అమ్మ నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు."

మేస్త్రికి చర్రున కోపం వచ్చింది.

"తెరిచే రెక్క పెడతానని నేను మొత్తుకుంటే, సందుల్లోంచి రొద వస్తుందని కొట్టిపారేసిందెవరు? అమ్మగారిని ఒక్క మాటైనా అడిగారా?"

"నువ్వడిగావా?"

"లేదు. కొలతలకు అడ్డమని ఆవిడ పడుకున్న మంచాన్ని ఇద్దరం కలిసే పక్కకి ఈడ్చాం. బల్లను ఈడ్చినట్టు."



మర్నాడు పొద్దున్నే మేస్త్రి టేపు పట్టుకొచ్చాడు. ఇంటాయన వైపు చూడకుండా మంచం పక్కన చతికిలబడి, ముసలావిణ్ణే అడిగాడు.

"రెక్క ఏ పక్కకి తెరుచుకోవాలమ్మా?"