పన్నెండో నంబరు పానా

కడియంలో ఒక ఇంటి పెరడు. బానెట్ ఎత్తిన పాత కారు ముందు బుల్లిరాజు. పక్కన ఆయన భార్య సంపూర్ణమ్మ.

“పన్నెండో నంబరు పానా ఏది?”

“నాకేం తెలుసండీ? అన్నీ ఆ గోనెసంచి మీదే కదా పరిచారు.”

“పదీ ఉంది, పధ్నాలుగూ ఉంది. మధ్యలోదే లేదు.”

“లేకపోతే ఇవాళ్టికి ఆపెయ్యండి. ఇప్పుడు వర్జ్యం కూడాను.”

“పొద్దున రాహుకాలమన్నావు. ఇప్పుడు వర్జ్యం. ఈ కారుకి మంచి ఘడియ ఎప్పుడో చెప్పు, అప్పుడే బిగిస్తాను.”

“వెటకారం వద్దండీ. ఆ వైర్లు ముట్టుకోకండి, షాకు కొడుతుంది.”

“బ్యాటరీ వైరు ముందే తీసేశానే. షాకు కొట్టదు.”

“కొట్టదనే అంటారు అందరూ. మెకానిక్ చిట్టియ్య వచ్చి బిగిస్తాడు కదా, మీకెందుకు?”

“చిట్టియ్య కూతురి పెళ్లి పనుల్లో ఉన్నాడు. అయినా ఇందులో ఏముంది? బెల్టు వదులు చెయ్యాలి, రెండు బోల్టులు తియ్యాలి, పాత ఆల్టర్నేటర్ దించి కొత్తది ఎక్కించాలి.”

“అది పాడైపోవడమే మంచిదయింది. అప్పట్నుంచే నేను కాస్త నిద్రపోతున్నాను.”

“ఏంటీ?”

“ఏం లేదండీ.”

“బ్యాటరీకి చార్జింగ్ ఎక్కక బండి మూలపడితే నీకు నిద్రపడుతోందా?”

“డాక్టరుగారు ఏమన్నారు? పక్షవాతం తేలిగ్గా వచ్చి పోయింది, ఇంక స్టీరింగ్ ముట్టుకోవద్దు అన్నారా లేదా?”

“కొన్నాళ్లు ముట్టుకోవద్దన్నారు.”

“కొన్నాళ్లు అనలేదు. నేను పక్కనే ఉన్నాను.”

“నువ్వు పక్కన ఏడుస్తున్నావు. ఏడ్చేవాళ్లకి సగమే వినపడుతుంది. ఆ ఫోన్ లైటు ఇటు చూపించు.”

“ఎడం చేత్తో తిప్పుతున్నారేంటండీ?”

“ఇటునుంచి ఎడం చెయ్యే అందుతుంది.”

“నిన్న అన్నం కూడా...”

“లైటు. నా మొహం మీద కాదు, ఇంజను మీద.”

“ఆదివారం నిడదవోలు వెళ్లి హారతినీ చంటిదాన్నీ నేనే తీసుకొస్తానని ఊరందరికీ చెప్పేశారు. బ్యారేజీ మీద లారీలు... మీ చెయ్యి ఒక్కసారి తిమ్మిరెక్కిందనుకోండి. నా కూతురూ, దాని కూతురూ, మీరూ... నేనెవర్ని పట్టుకుని ఏడవను?”

“అప్పుడే ముగ్గుర్నీ చంపేశావు. లారీ డ్రైవర్ని వదిలేశావు, అదృష్టవంతుడు.”

“నవ్వకండి. హారతికి ఫోన్ చేసి రావొద్దని చెప్పేస్తాను.”

“పానా తీసుకురా.”

“లేదన్నాను కదండీ.”

“దేవుడి గదిలో, లక్ష్మీదేవి పటం వెనకాల ఉంది. గ్రీజు చేతుల్తో నేను లోపలికి రానని అక్కడ దాచావు. కొంగు కింద పెట్టుకుని వెళ్తుంటే చూశాను.”

“చూసి కూడా అడిగారా?”

“నువ్వే తెచ్చిస్తావేమోనని అడిగాను.”

“తేను. ఏమన్నా అనండి, తేను.”

“సంపూర్ణా...”

“తేనంటే తేను. కావాలంటే ఈ బండికి అడ్డంగా పడుకుంటాను.”

“మొన్న మంగళవారం నువ్వు గుడికెళ్లినప్పుడు బండి తీశాను. బ్యాటరీ బయట చార్జింగ్ పెట్టించి తెచ్చి, కాలవ గట్టు దాకా నడిపాను.”

“అయ్యయ్యో! నాకు చెప్పకుండా...”

“విను. ఎదురుగా నర్సరీ కూలీలు మొక్కల బండి తోసుకొస్తున్నారు. బ్రేకు తొక్కాను. తొక్కాననే అనుకున్నాను. చూస్తే కాలు పక్కన ఉంది, బ్రేకు మీద లేదు.”

“ఎవరికన్నా...”

“ఎవరికీ ఏం కాలేదు. ఎడం చేత్తో హ్యాండ్ బ్రేకు లాగి గట్టు మట్టిలోకి ఎక్కించేశాను. వాళ్లు తిట్టుకుంటూ పోయారు.”

“ఇన్నాళ్లూ నాకు చెప్పలేదా? మంగళవారం నుంచీ?”

“చెబితే ఇంకేమన్నా ఉందా?”

“మరి... మరి ఇదంతా ఎందుకండీ?”

“చార్జింగ్ ఎక్కని బండిని ఎవరు కొంటారే? సాయంత్రం బండి కొనే శాంతికుమార్ వస్తాడు, నడిపి చూసుకుని తీసుకెళ్లిపోతాడు. హారతిని అల్లుడే దింపుతానన్నాడు, పొద్దున్నే మాట్లాడాను.”

“అమ్మేస్తున్నారా? మీరా?”

“నేనే.”

“మీకు... మీకు బాధగా లేదాండీ?”

“పానా పట్రా.”

“తెస్తానండీ. ఇప్పుడే తెస్తాను.”

“తెచ్చి నువ్వే తిప్పాలి. నా కుడి చేతికి పట్టు దొరకట్లేదు.”

“నేనా? నాకు చేతులు వణుకుతాయండీ.”

“నావీ వణుకుతున్నాయి. ఇద్దరం కలిసి బిగిద్దాం. ఇంకో మాట, సంపూర్ణా.”

“చెప్పండి.”

“ఎవరడిగినా నా కాలు సంగతి చెప్పకు. నువ్వే అన్నం మానేసి, ఏడ్చి గోలచేసి కారు అమ్మించావని చెప్పు. నీ గురించి అంటే ఊళ్లో అందరూ నమ్ముతారు.”