కుడి డెక్క

కాస్పియన్ గాలికి అక్తౌ ప్రయోగశాల కిటికీలు గడగడలాడుతున్నాయి. మైక్రోస్కోపు మీద వంగిన అమ్మాయి, పక్కన పాల టీ తాగుతున్న ముసలి టీచరమ్మను, అక్కడి పిల్లలు టీచర్లను పిలిచినట్టే ‘అపాయ్’ అని పిలిచింది.

“అపాయ్, కొంప మునిగింది! ఊడదీస్తుంటే రొయ్య ఎడమ డెక్క నుజ్జయిపోయింది.”

“బొమ్మ గీశావా?”

“సగమే. ఇది కొత్త జాతి అనడానికి గుర్తే ఆ డెక్క. పోనీలే, కుడిది ఊడదీసి గీసేస్తా.”

“సూది కింద పెట్టు.”

“ఆవగింజంత రొయ్య, అపాయ్. సముద్రం మొత్తానికి మనకు దొరికింది ఇదొక్కటే.”

“అందుకే పెట్టమంటున్నా. పొద్దున ఇది కొత్తదని గంతులేశావే, దేనితో పోల్చావు?”

“పాత సీసాలో ఉన్నదానితో. నూరేళ్ళ కిందటిది.”

“దాని ఎడమ కాళ్ళు ఎలా ఉన్నాయి?”

“ఎక్కడివి? దాన్ని పట్టినాయన అప్పుడే అన్నీ పీకేశాడుగా.”

“మరి దేన్ని చూశావే, పిల్లా?”

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. పొద్దున చూసినదంతా మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

“కుడి వైపు. ఒక్క నూగు కూడా రాలలేదు, అపాయ్. నిన్ననే పట్టినట్టుంది.”

“ఆయనకి మాత్రం కుడివి కూడా ఊడదీసి చూడాలని ఉండదా? నువ్వు పుడతావనైనా తెలియదు. అయినా నీకోసం ఉంచాడు.”

అమ్మాయి సూదిని మెల్లగా, చప్పుడు కాకుండా, బల్ల మీద పెట్టింది. కుడి డెక్కని ముట్టుకోకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే గీయడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తకుండానే అడిగింది:

“మరో నూరేళ్ళకి ఎవరో వచ్చి, నేను గీసింది తప్పంటే?”

“అనాలనే కదే, దాచిపెడుతున్నాం.”