మెసేజ్ రాని కార్డు

హలో… ఆ, నేనే. పెట్టేయకు.

స్టమాటిస్‌నే. ఓడ ఫోన్ నుంచి చేస్తున్నా, అందుకే కొత్త నంబరు పడింది… నా నంబరైతే ఎత్తవని తెలిసే చేశాలే.

బాగానే ఉన్నా. డర్బన్ బయట లంగరేసి కూర్చున్నాం… ఐదు రోజులైంది. రేవులో చోటు లేదట… ఎండే, మధ్యాహ్నం కదా. నాకు ఎండేంటి, ఇంజిన్ గదిలో ఎప్పుడూ కుంపటే.

నువ్వెలా ఉన్నావు?…

బాగున్నావా అని అడగడం కూడా తప్పేనా?…

సరే. సంగతికొస్తా. కార్డు ఏమైంది?

మన కార్డు, కల్లిరోయి. ఉమ్మడి ఖాతాది. డెబిట్ కార్డు… పోగొట్టావా?… పర్సులోనే ఉందా. మరి విరిగిందా?… అదీ లేదు.

ఇరవై మూడు రోజులైంది… ఆ, లెక్కపెట్టాను. లెక్కపెట్టక? నువ్వు కార్డు గీకినప్పుడల్లా, రోజుకి నాలుగైదు మెసేజ్‌లొచ్చే ఫోను ఉన్నట్టుండి మూగబోతే నన్నేమనుకోమంటావు? పెళ్లాం తిండి మానేసిందనుకోవాలా, ఊరొదిలి పోయిందనుకోవాలా?

బ్యాంకుకి చేశా. ఇరవై నిమిషాలు పాట వినిపించి, ఆఖరికి ఒకమ్మాయి ఎత్తింది. హియోస్ దీవి శాఖేనాండీ అని అడిగి, చూసి చెప్పింది. కార్డు బాగానే ఉందండీ, డబ్బూ ఉందండీ, ఎవరూ వాడట్లేదంతే అంది.

ఎవరూ వాడట్లేదంతే… ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు. నిజంగా.

ఇంకెవరికి చేశాననా?… పాంటెలీస్ బాబాయ్‌కి చేశా. మా ఆవిడ కొట్టులోకి వస్తోందా అని… గూఢచారేంటే, డెబ్బై ఏళ్ల మనిషిని పట్టుకుని. వీధిలో కిరాణా కొట్టు ఆయనదొక్కటే, ఇంకెవర్ని అడగను?… రోజూ వస్తోందిరా, బాగానే ఉంది, కాకపోతే కార్డు మార్చింది, ఆకుపచ్చది ఇస్తోంది అన్నాడు.

ఆకుపచ్చది ఏ కార్డే?

…

క్రెడిట్ కార్డా.

నీకెవరిచ్చారు?… నీ పేరు మీదే? జీతం చూపించకుండా ఏ బ్యాంకువాడిస్తాడు… ఏ జీతం?

… మస్తిక్ చెట్ల బంక ఏరే పనికా. ఎప్పట్నుంచి?… డిసెంబరు నుంచి. ఇప్పుడు మార్చి… లేదు, ఏమీ అనట్లేదు. పొద్దస్తమానం చిన్న కత్తి పట్టుకుని బంకకంటిన మట్టి గోకుతూ కూర్చోవడం, నీకేం ఖర్మ అని… కబుర్లు చెప్పుకుంటూ చేస్తారా. పన్నెండుమంది ఆడవాళ్లా. సరే, బాగుంది.

పని వద్దని నేనెప్పుడన్నాను?… అన్నానా?… అది పెళ్లైన కొత్తలో. అదింకా మోస్తున్నావా?

సరే, పని చేసుకో. జీతం దాచుకో. కానీ క్రెడిట్ కార్డెందుకే? కోపం కాదు, లెక్క చెప్తున్నా, విను. డెబిట్ కార్డంటే మన జేబులో ఉన్నదే. రొట్టె కొన్నావు, ఆ డబ్బు ఆ క్షణమే పోయింది, పీడా విరగడైంది. క్రెడిట్ కార్డంటే వాడి డబ్బుతో ఇవాళ తిని, నెలాఖరున వాడికి జవాబు చెప్పుకోవడం. ఫ్రిజ్ కొంటున్నావు, పన్నెండు వాయిదాలు పెట్టుకున్నావు, అర్థముంది. రోజూ తినే తిండికి ఎందుకది? కొట్లో అడగడం కూడా అడుగుతారు, వాయిదాల్లోనా అమ్మా అని. నిమ్మకాయలకి మూడు వాయిదాలా…

నవ్వావు. నవ్వావు కదా ఇప్పుడు?… సరే, నవ్వలేదు.

మన వీధి మంగలి గతి చూడలేదా? ఆరు కార్డులు. ఒకదాన్ని తీర్చడానికి ఇంకోటి. ఇప్పుడా షట్టర్ ఎత్తేవాడు లేడు… నువ్వు మంగలివి కాదు, తెలుసు. నెలనెలా మొత్తం కట్టేస్తున్నావా? ఒక్క యూరో వడ్డీ పడలేదా?… మంచిదే మరి.

పన్ను లెక్కకి రెండూ ఒకటేనని నాకూ తెలుసు, ఏడాదికి ఇంత కార్డు మీద ఖర్చు చూపకపోతే పన్ను ఎక్కువ పడుతుందని, డిసెంబరొస్తే కార్డు గీకు కార్డు గీకు అని చెప్పేది నేనేగా… పాయింట్లా? ఏడాదంతా కొంటే చివర్లో ఒక దువ్వెన ఇస్తాడు. దాని కోసమా?

అది కాదా. మరేంటి?

సరే, ఉమ్మడి ఖాతా మీద నీకు కోపమే అనుకో. నీ జీతం పడే ఖాతాకీ డెబిట్ కార్డు ఇచ్చే ఉంటారు. అదే వాడుకోవచ్చుగా. ఆ మెసేజ్‌లు నీకే వస్తాయి, నాకు రావు. ఈ క్రెడిట్ కార్డే కావాల్సొచ్చిందేం?

… ఏంటీ? గాలి ఎక్కువగా ఉంది, మళ్లీ చెప్పు.

… బ్యాంకువాడు ముందు నమ్మి, నెలకోసారి అడుగుతాడు.

… నేనైతే రోజుకి ఐదుసార్లు అడుగుతాను, అంటావు.

…

నేనేం అడిగాను? రొట్టె ఎందుకు కొన్నావని ఎప్పుడైనా అడిగానా?… రెండు కొన్నప్పుడు అడిగానా. ఎవరొచ్చారింటికి అన్నా, అంతేగా. ఊరికే అడిగింది… పూలకొట్టు సంగతి వేరు. పూలు ఎవరికని ఏ మొగుడైనా అడుగుతాడు… మీ నాన్న సంవత్సరీకమని నాకు గుర్తులేదు, దానికి అప్పుడే తప్పు ఒప్పుకున్నా… ఒప్పుకోలేదా? మనసులో ఒప్పుకున్నా.

కల్లిరోయి, నీకొకటి చెప్పనా? పదేళ్లలో చెప్పలేదు… చెప్పనీ.

ఇక్కడ నెట్ ఎప్పుడూ ఉండదు. కిందనుంచి పైకొస్తే, డెక్ మీద ఎడమవైపు ఒక మూలుంది, పడితే అక్కడే పడుతుంది. నూనె చేతులతో అలాగే వెళ్లి నిలబడతా. పడగానే అన్నీ ఒక్కసారే రాలతాయి. తొమ్మిదీ పది, బేకరీ. ఆహా, లేచింది అనుకుంటా. తొమ్మిదీ నలభై, పాంటెలీస్. పదకొండు, చేపల కొట్టు. అంటే ఇవాళ చేప. మధ్యాహ్నం ఏమీ ఉండదు, పడుకున్నావన్నమాట. ఆరింటికి రేవు గట్టు మీద కాఫీ. ఒక్క కాఫీ అయితే ఒక్కదానివే. రెండైతే పక్కింటావిడ నీ చెవి కొరుకుతున్నట్టు.

నువ్వు చేప కొన్న రోజు వంటవాణ్ణి బతిమాలి నేనూ చేపే తింటా… ఆ, నవ్వుతారు. నవ్వనీ.

పదేళ్లలో నేను ఇంటి దగ్గరున్నది ఎంత? అంతా కూడితే మూడేళ్లుండదు. మిగతా ఏడేళ్లూ నేను నీతో కాపురం చేసింది ఈ మెసేజ్‌లలోనే. అందుకే డెబిట్ కార్డు అంటున్నా, ఇంకెందుకూ కాదు. క్రెడిట్ కార్డు నెలకోసారి ఇంటికి కాగితం పంపిస్తుంది, అది నాకేం చెప్తుంది? డెబిట్ కార్డుతో నీ ప్రతి రోజూ నాకు తెలుసు. ఒక్క రోజు కూడా నాకు తెలియంది లేదు.

… ఏ నవంబరు?

తెలుసు. ఏథెన్స్ వెళ్లావు, మీ చెల్లెలు ఫొటీని ఇంటికి. తొమ్మిది రోజులు… ఎందుకు గుర్తులేదు, అప్పుడేగా గొడవపడ్డాం. ఒకే కొట్లో రోజుకి నాలుగేసి కాఫీలు. ఫొటీని ఇంట్లో కాఫీపొడికి కరువొచ్చిందా అన్నా… తమాషాకే. సగం తమాషాకే.

కొట్టు పేరా?… ఏదో ఉంటుంది, అక్షరాలు సగం సగం పడతాయి. పేరు చూడలేదు. ఎంతైందో చూశా.

…

ఆసుపత్రి.

… ఆసుపత్రి కింద కాఫీ కొట్టు.

ఎవరికి బాగాలేదు?… ఫొటీనికా?

కల్లిరోయి. ఎవరికి?

…

ఎక్కడ గడ్డ?

…

ఉన్నా. లైన్లోనే ఉన్నా… ఏ రొమ్ము?… తీసేశారా? గడ్డ వరకేనా?… పరీక్షకి పంపారా, ఏమన్నారు?… ప్రమాదం లేనిదేనా? గట్టిగా చెప్పారా? నోటిమాట కాదుగా, కాగితం మీద ఇచ్చారా?… సరే. సరే. మా తల్లే.

మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?… మేలో.

ఎవరున్నారు దగ్గర?… ఫొటీని పనికి పోతే?… తొమ్మిది రోజులూ. పిలిచేదాకా కింద కూర్చుని… చేతిలో ఏదో ఒకటి ఉండాలని కొనేదానివా. తాగకుండానే చల్లారిపోయేవా, నాలుగూ.

నాకెందుకు చెప్పలేదే?

… చెప్దామనే ఎత్తావా. ఏ ఫోన్?

…

నేను కాఫీల గురించి చేసిన ఫోన్.

…

నాకేం తెలుసు. ఎవరైనా చెప్తేగా… లేదు. నిన్ననట్లేదు. తప్పు నాదే. నాదేనంటున్నాగా… వచ్చేవాణ్ణి. ఓడ దిగి వచ్చేవాణ్ణి. కెప్టెన్ ఒప్పుకునేవాడు కాదేమో, కానీ అడిగేవాణ్ణి. అడిగేవాణ్ణనే అనుకుంటున్నా.

చూడు, మెసేజ్‌లు ఆపించేస్తా. బ్యాంకుకి చెప్తే ఆపుతారు. నువ్వా కార్డే వాడు, నేను చూడను… నమ్మవా.

… నేనూ నమ్మను. దాచడమెందుకు. మెసేజ్ ఆపించినా ఖాతా తెరిచి చూస్తా. చూడకుండా ఉండలేను. అలవాటైపోయింది నాకు.

పోనీ ఇలా చెయ్. అన్నిటికీ క్రెడిట్ కార్డే వాడుకో. ఒక్కమాట అనను. వారానికి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, అగ్గిపెట్టె అయినా సరే, మన డెబిట్ కార్డుతో కొను. ఎందుకు కొన్నావని అడగను. ఎక్కడని అడగను. నువ్వున్నావని తెలిస్తే చాలు.

… వద్దా.

అగ్గిపెట్టె కూడానా?

… ఫోన్ చేసి అడగొచ్చు, నిజమే. ఎత్తితే కదా… ముందు ఎత్తేదానివి. అవును, ఎత్తేదానివి. నేనే… అవును.

జూన్‌లో వస్తాగా. కూర్చుని మాట్లాడదాం. పొట్లాడుకుందాం కావాలంటే, ఎదురెదురుగా… ఉండవా? ఎక్కడికి?… ఏథెన్స్. ఫొటీని దగ్గరికి. ఎన్నాళ్లు?

ఎన్నాళ్లు, కల్లిరోయి?…

మరి పని? పన్నెండుమంది ఆడవాళ్లు… బంక అయిపోయిందా, ఇక వచ్చే చలికాలానికేనా. ఇల్లు?… తాళంచెవి పాంటెలీస్ బాబాయ్‌కిస్తావా. అంటే ఆయనకీ తెలుసా? నాతో మాట్లాడినప్పుడు తెలుసా?… బాగానే ఉందిరా అన్నాడు, ముసలాడు.

అలా కాదు. ఆగు. మనం మాట్లాడుతోంది కార్డు గురించి… కార్డు గురించి కాదా. మొదట్నుంచీ కాదా.

అడుగు. ఏదైనా అడుగు, చెప్తా.

… మెసేజ్‌లలో లేనిది. నీ గురించి. ఒక్కటి.

అదెంత పని. బోలెడున్నాయి. నీకు నువ్వుల రొట్టె ఇష్టం… ఆ. బేకరీ. సరే, అది వదిలేయ్. ఎండాకాలం నీకు పుచ్చకాయ లేకపోతే… పాంటెలీస్. అవును. రాత్రిళ్లు కాళ్లు లాగుతాయి, ఆ పూతమందు… మందుల కొట్టు. నీ చెప్పుల సైజు ముప్పై ఏడు… ఆ, అదీ చెప్పుల కొట్టు మెసేజ్ చూసి నేనడిగాకే చెప్పావు.

ఉండు, కంగారు పెట్టకు. పదేళ్లు కాపురం చేసి ఒక్కటి చెప్పలేనా?… పెట్టేయకు. ఆలోచించనీ. ఇక్కడ ఇంకొకడు ఫోన్ కోసం నిలబడ్డాడు — రెండు నిమిషాలు ఆగవయ్యా, ఇంటికి మాట్లాడుతున్నా — ఉండు… ఉండు.

ఆ, ఒకటి. విను.

నేను బయల్దేరేటప్పుడు నువ్వు రేవుకి రావు. ఒక్కసారీ రాలేదు. మా అమ్మ అనేది కూడా, మొగుణ్ణి సాగనంపడానికి రాని పెళ్లాం ఉంటుందా అని. నువ్వు మేడెక్కి దుప్పటి దులుపుతావు. ఆ ఎర్రది. పడవ గట్టు దాటి మలుపు తిరిగేదాకా దులుపుతూనే ఉంటావు. అంత దుమ్ము ఏ దుప్పటికీ ఉండదు, కల్లిరోయి. కింద నిలబడి చెయ్యూపితే ఏడుపొస్తుందని నువ్వలా చేస్తావు. నాకు తెలుసు. మొదటిసారే తెలిసింది. పడవ వెనకవైపుకెళ్లి, అది కనపడకుండా పోయేదాకా నిలబడతాను, ఎప్పుడూ. నీకు చెప్పలేదంతే. ఎందుకు చెప్పలేదో నాకే…

కల్లిరోయి?

… వింటున్నావా?

హలో… ఎంతవరకు వినపడింది నీకు?… హలో.